ఇంగోను తీసేసే తీర్మానం

ముప్ఫై ఒక్క ఏళ్లుగా నేను ఒక పంక్ బ్యాండుకి కార్యదర్శిని. నాకు పాడటం రాదు, వాయించడం రాదు, ఆ గోల పావుగంట దాటితే తలనొప్పి. అయినా కార్యదర్శినే. మాది జర్మనీలో హెర్నె అనే ఊరు. బయటివాళ్లకి ఈ మాట చెబితే నవ్వుతారు. హెర్నెలో ఎవరూ నవ్వరు. మా ఊళ్లో పావురాలు పెంచాలన్నా సంఘమే, పేకాడాలన్నా సంఘమే, పెరట్లో కూరగాయలు వేసుకోవాలన్నా సంఘమే. తిట్టుపాటలు పాడుకునేవాళ్లు మాత్రం ఏం పాపం చేశారు?

ఇదంతా ఒక గది కోసం మొదలైంది. 1993లో రూడి అనేవాడు గిటారు పట్టి అరిచేవాడు. మా తమ్ముడు మాట్టెస్ బేస్ గిటారు వాయించేవాడు. ఇంగో డ్రమ్స్ కొట్టేవాడు. బ్యాండు పేరు రెస్ట్‌మ్యుల్, అంటే ఏ డబ్బాలోనూ వేయడానికి వీల్లేక చివరికి మిగిలిపోయే చెత్త. ఆ పేరు పెట్టింది మా అమ్మే అని చెప్పాలి, ఎందుకంటే వాళ్లని మా నేలమాళిగలోంచి వెళ్లగొడుతూ ఆవిడ అన్న మాటే అది. మూతపడిన ఒక బడి కింద బొగ్గు నిల్వచేసే గది ఖాళీగా ఉందని తెలిసి ముగ్గురూ నగరపాలక కార్యాలయానికి పోయారు. రిజిస్టరైన సంఘాలకే ఇస్తామని అక్కడి గుమాస్తా అన్నాడు. సంఘం కావాలంటే ఏడుగురు సభ్యులు, ఒక నిబంధనావళి ఉండాలి. రాజ్యం కూలిపోవాలని పాడే ముగ్గురూ ఆ రాజ్యం ఇచ్చే గది కోసం సంతకాలకి బయల్దేరారు.

మాట్టెస్‌కి అక్కని కాబట్టి నేను దొరికాను. ఇంగో వాళ్లమ్మ హన్నెలోరె దొరికింది. ఆవిడని మేమంతా ఓమ్మా అంటాం, మామ్మ అన్నట్టు. రూడి అప్పట్లో ప్రేమిస్తున్న బిర్గిట్ దొరికింది. వీధి మొదట్లో బీరూ పత్రికలూ అమ్మే చెంగిజ్, వీళ్లు అక్కడ నిలబడి మాట్లాడుకుంటుంటే విని, "నన్ను కూడా రాసుకోండి, కనీసం సరుకు నా దగ్గరే కొంటారు" అన్నాడు. ఏడుగురం అయ్యాం. నిబంధనలు రాయడం ఎవరికీ చేతకాలేదు. ఇంగో వాళ్ల నాన్న పావురాల సంఘం నిబంధనావళి తెచ్చి, "పావురం" అన్నచోటల్లా "పాట" అని మార్చి ఇచ్చేశారు. ఒకచోట మార్చడం మర్చిపోయారు. అందుకే మా పంక్ బ్యాండు సభ్యులందరూ తమ పావురాలకు ఏటా సకాలంలో టీకాలు వేయించాలని ఈనాటికీ తొమ్మిదో నిబంధన చెబుతోంది.

పదకొండో నిబంధన నా మెడకు చుట్టుకుంది. పోటీలో పావురం ఎంతసేపు ఎగిరిందో కార్యదర్శి నిమిషాలతో సహా రాయాలని అందులో ఉండేది. ఇప్పుడు పాట ఎంతసేపు సాగిందో రాయాలి. రాయాలంటే రాయాలి. 1994లో మొదటి కచేరీ నుంచి చేతిగడియారం చూసుకుంటూ ప్రతి పాట వ్యవధీ రాశాను. పక్కన జనం ఒకరి మీద ఒకరు పడి గెంతుతుంటే మధ్యలో నోటుబుక్కుతో నిలబడేదాన్ని. నన్ను చూసి పోలీసుల మనిషిననుకుని నా మీద బీరు పోసినవాళ్లున్నారు. ఆ పేజీల్లో ఆ మరకలు కూడా ఉన్నాయి.

ఇక ఇంగో సంగతి. పూర్తి పేరు ఇంగో పావ్లిట్సెక్. తండ్రి బొగ్గుగనిలో మనిషి. గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, "నేను జీవితమంతా కిందికి దిగాను, నువ్వు పైకెక్కు" అని పదహారో ఏట కొడుకుని పొగగొట్టాలు దులిపే పనిలో పెట్టారు. ఇంగో ఇప్పటికీ అదే పని చేస్తున్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఓమ్మా కింది వాటాలో, అతను పై వాటాలో. మా దేశంలో పొగగొట్టాలవాడు ఎదురొస్తే శుభం, అతని కోటు గుండీ పట్టుకుని తిప్పితే ఇంకా శుభం కాబట్టి, ఇంగో వీధిలో నడుస్తుంటే జనం ఆపి గుండీ తిప్పుతారు. పరీక్షలకి వెళ్లేవాళ్లు, లాటరీ కొన్నవాళ్లు, కాన్పుకి బయల్దేరినవాళ్లు. రెండో గుండీ ఏడాదికి మూడుసార్లు ఊడుతుంది. ఓమ్మా తిట్టుకుంటూ కుడుతుంది.

ఆ గుండీని ముట్టుకోనివాడు హెర్నెలో ఒక్క రూడీయే. "మసి కోటుకి మొక్కే జనం, వీళ్లేం తిరగబడతారు!" అనేవాడు. రూడికి ఇలాంటి మాటలు చాలా వచ్చు. అతను పన్నుల ఆఫీసులో పని చేస్తాడు.

ఇంగోని బ్యాండులోకి తీసుకుంది డ్రమ్స్ వచ్చని కాదు, వ్యాన్ ఉందని. ఆ వ్యాన్‌లో నిచ్చెనలు, చీపుర్లు, మసి డబ్బాలు పోగా మిగిలిన చోట ముగ్గురు మనుషులు, రెండు గిటార్లు, డ్రమ్స్ ఇరికేవి. తా దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టుండేది. కచేరీకి చేరేసరికి ముగ్గురి ముఖాలూ నల్లగా ఉండేవి. అది అలంకారమని జనం అనుకునేవారు.

ఇంగో ఎలాంటివాడో తెలియాలంటే డోర్ట్‌మండ్ ఊళ్లో జరిగిన సంగతి చెప్పాలి. 1997 జనవరి, ఎవరూ లేని ఒక పాత ఇంటిని కుర్రకారు ఆక్రమించుకుని ఉంటున్నారు, అందులో కచేరీ. పోలీసులు రెండుసార్లు వచ్చి వాళ్లని కదిలించలేక పోయారు. మూడో పాట మధ్యలో ఇంగో వాయించడం ఆపేశాడు. మూలన ఉన్న బొగ్గు పొయ్యి దగ్గరికి వెళ్లి గొట్టం తట్టి చూశాడు, వాసన చూశాడు. మైకు లాక్కుని, "అందరూ బయటికి నడవండి. ఈ గొట్టం పగిలింది. ఇంకో గంట ఉంటే మీరంతా నిద్రపోతారు, లేవరు" అన్నాడు. జనం ఈలలు వేశారు, డబ్బాలు విసిరారు. ఇంగో వ్యాన్‌లోంచి తన ఆఫీసు చీటీల పుస్తకం తెచ్చి, డ్రమ్ మీద పెట్టి, లోపాల చీటీ రాశాడు. యజమాని పేరు రాయాల్సిన చోట "లోపల ఉన్నవాళ్లు" అని రాసి గోడకి అంటించాడు. పోలీసులు నెలలో చెయ్యలేని పని మా డ్రమ్మర్ నాలుగు నిమిషాల్లో చేశాడు. రూడి నెలరోజులు అతనితో మాట్లాడలేదు. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ చావలేదు.

చూసిన ప్రతి పొయ్యికీ ఇంగో చీటీ రాస్తాడు. బాగుంటే చివర "లోపాలు లేవు" అని రాసి ముద్ర వేస్తాడు. అతని నోట మెప్పుకోలు మాట అంతకు మించి వినలేదు.

ఇప్పుడు అసలు కథ. మొన్న 2024 మార్చిలో, ప్రతి మంగళవారం ఉండే రిహార్సల్ ముగించుకుని రూడి మా ఇంటికొచ్చాడు. చేతిలో స్టాప్‌వాచ్.

"రోస్విటా, ఇంగో పని అయిపోయింది," అన్నాడు కూర్చోకుండానే.

"ఏమైంది, కింద పడ్డాడా?"

"పడితే బాగుండేది. నిదానం అయిపోయాడు. 'నీ కంచె ఎత్తెంత' ఎంతసేపు పాడేవాళ్లం? నిమిషం నలభై. ఇప్పుడు రెండు నిమిషాల పది సెకన్లు. పంకా అది, శవయాత్రా? జూన్‌లో ముప్ఫై ఏళ్ల కచేరీ. బోఖుమ్‌లో ఒకతను ఉన్నాడు, మెరుపులా కొడతాడు."

"ఆ మాట ఇంగోతో అన్నావా?"

"అన్నాను. 'నిబంధనల ప్రకారం చేసుకో' అన్నాడు. వాడు అధ్యక్షుడు కదా."

ఇంగో అధ్యక్షుడైంది కూడా ఒక పొగగొట్టం వల్లే. 1993లో ఎన్నిక జరిగిన రోజు పని ఉండి ఆలస్యంగా వచ్చాడు. రాని మనిషిని ఎన్నుకుని మేం ఇళ్లకి పోయాం. తర్వాత ఎవరూ మార్చలేదు.

సభ్యుణ్ణి తీసేయాలంటే ఏడుగురిలో అయిదుగురు ఒప్పుకోవాలి. రూడి వేళ్ల మీద లెక్కపెట్టాడు. తను ఒకటి. మాట్టెస్ రెండు, మా తమ్ముడు ఏడాదికి రెండు మాటలు మాట్లాడతాడు, ఆ రెండూ "సరే"లే. చెంగిజ్ మూడు. నేను నాలుగు. ఇంగో, ఓమ్మా ఎలాగూ ఒప్పుకోరు. అయిదో ఓటు బిర్గిట్ దగ్గరుంది.

బిర్గిట్ రూడిని పెళ్లాడింది, 2001లో వదిలేసింది, సంఘాన్ని మాత్రం వదల్లేదు. ఏటా సమావేశానికి శుభ్రంగా జుట్టు దువ్వుకుని వస్తుంది, రూడి దేనికి చెయ్యెత్తితే దానికి వ్యతిరేకంగా చెయ్యెత్తి, కేకు తిని వెళ్తుంది. ఒక ఏడాది రూడి గదికి కొత్త బల్బు కావాలన్నాడు. ఖర్చులకి ఏడుగురూ ఒప్పుకోవాలి, ఆవిడ వ్యతిరేకించింది. మేం ఆరు నెలలు చీకట్లో ఉన్నాం.

అలాంటి మనిషి దగ్గరికి రూడి చెర్రీ కేకు పట్టుకుని వెళ్లాడు. ఆవిడ కేకు తీసుకుని, "ఆలోచిస్తా" అని తలుపేసిందట.

నేను ఏం చేశానో కూడా చెప్పాలి. రూడి నన్ను సాక్ష్యం అడిగాడు. నా నోటుబుక్కులు ఎవరైనా ఒకరోజు అడుగుతారని ముప్ఫై ఏళ్లుగా ఎదురుచూస్తున్నదాన్ని, పొంగిపోయాను. మూడు రోజులు కూర్చుని, బీరు మరకల పేజీలన్నీ తిరగేసి, కచేరీల వ్యవధులన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించాను. ఇంగో ముఖం గుర్తొచ్చినప్పుడల్లా, నేను రాసేది అంకెలే కదా, అంకెలకి పాపం ఉండదు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఉదయం పదకొండింటికి బొగ్గు గదిలో సమావేశం. ఓమ్మా ఆపిల్ కేకు, ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. ఇంగో ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల చివర కూర్చున్నాడు. ఏడుగురమూ వచ్చామని చూసుకుని, కార్యక్రమం చదవడం మొదలెట్టాడు.

"మూడో అంశం. పావురాల టీకాలు. టీకా వేయాల్సిన పావురాలు ఈ ఏడాది కూడా లేవు. అభ్యంతరాలు?"

ఎవరికీ లేవు. నేను రాసుకున్నాను.

"నాలుగో అంశం. డ్రమ్మరు, అధ్యక్షుడు ఇంగో పావ్లిట్సెక్‌ని సంఘం నుంచి తీసివేయడం. కారణం, నిదానం. ప్రతిపాదించింది రూడి. మాట్లాడు."

తన ఉరితాడు తనే కొలుస్తున్నట్టు చదివాడు, గొంతులో ఏ తేడా లేదు. రూడి లేచి నా కాగితం తీశాడు.

"ఇవి నా మాటలు కాదు, రోస్విటా రాసినవి. మన పద్దెనిమిది పాటలకి 1994లో ముప్ఫై మూడు నిమిషాలు. 2005లో ముప్ఫై మూడు. 2018లో ముప్ఫై నాలుగు. 2019లో ముప్ఫై తొమ్మిది. కిందటేడు నలభై రెండు. నేను ఇంగోకి శత్రువుని కాదు. కానీ వయసు వయసే."

చెంగిజ్ గొంతు సవరించుకుని, "నాకు సంగీతం తెలీదు గానీ, నిదానంగా వాయిస్తే జనం ఇంకో బీరు తాగుతారు" అన్నాడు.

"నువ్వు ఊరుకో చెంగిజ్."

ఓమ్మా కేకు కోసే చాకు పక్కన పెట్టింది. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. సమావేశాల్లో కాఫీ పోయడం తప్ప ఎప్పుడూ నోరు మెదపలేదు.

"రోస్విటా, ఆ ముప్ఫై తొమ్మిది ఎప్పుడొచ్చింది?"

"2019 మార్చి, ఓమ్మా."

"అంతకు ముందుది?"

"2018 జూన్. ముప్ఫై నాలుగు."

"మరి మధ్యలో తొమ్మిది నెలలు కచేరీ లేదేం? వీళ్లంతా ఎక్కడికి పోయారు?"

నేను నోటుబుక్కు వెనక్కి తిరగేశాను. ఆ ఏడాది ఆగస్టులో రూడి ఆఫీసు మెట్ల మీద కూలబడిపోయాడు. గుండె కోసి కుట్టారు. నాలుగు నెలలు ఆస్పత్రి, విశ్రాంతి గృహం. ఆ తేదీలన్నీ నా పుస్తకంలోనే ఉన్నాయి. రాసింది నేనే, చదవడం రాలేదు.

"అమ్మా, కేకు కొయ్యి," అన్నాడు ఇంగో. మొదటిసారి గొంతు మారింది.

"కొయ్యను. నువ్వు చెప్పొద్దన్నావు, అయిదేళ్లు చెప్పలేదు. ఈ రూడి వచ్చి నా కొడుకుని ముసలోడంటే నోరు మూసుకుని కూర్చోవాలా? ఒరేయ్ రూడీ, వీడు నిదానంగా కొడుతోంది వీడి చేతులు పడిపోయి కాదు, నీ ఊపిరి ఆడక."

రూడి ముఖం ఎర్రబడింది. "అబద్ధం. ఇంగో, లేచి డ్రమ్స్ దగ్గర కూర్చో. 'నీ కంచె ఎత్తెంత'. పాత వేగం."

"వద్దులేరా."

"కూర్చోమన్నానా!"

ఇంగో చొక్కా చేతులు మడుచుకుని డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. మాట్టెస్ ఎవరూ చెప్పకుండానే గిటారు తగిలించుకున్నాడు. నాలుగు దెబ్బలు కొట్టి ఇంగో మొదలుపెట్టాడు. అమ్మ బాబోయ్. బల్ల మీద కప్పులు నడిచాయి. యాభై అయిదేళ్ల మనిషి చేతులు నాకు కనబడలేదు, అంత వేగం. నేను అలవాటు కొద్దీ గడియారం చూశాను. రూడి మొదటి చరణం దాటాడు. రెండో చరణంలో మాటలు సగం సగం మింగాడు. మూడో చరణానికి నోరు తెరిచాడు గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. తడుముకుంటూ వెళ్లి బీరు పెట్టె మీద కూలబడ్డాడు. ఇంగో వెంటనే ఆపాడు. నా గడియారంలో యాభై ఎనిమిది సెకన్లు.

అందరికన్నా ముందు లేచింది బిర్గిట్. గ్లాసు నీళ్లు రూడి చేతిలో పెట్టి, చొక్కా పై గుండీ విప్పింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నువ్వెప్పుడూ ఇంతే," అంది. కానీ గ్లాసు అతను పూర్తిగా తాగేదాకా పట్టుకునే ఉంది.

రూడి ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పట్నుంచిరా?" అన్నాడు.

"ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి రిహార్సల్‌లో మూడో లైను మింగేశావు," అన్నాడు ఇంగో, డ్రమ్స్ పక్కనున్న ఇత్తడి తాళాల మీద చూపు పెట్టి. "నా స్టూల్ మీంచి నాకు నీ వీపు తప్ప ఏం కనబడుతుంది? నీ మెడ మీద నరం ఉబ్బితే తగ్గిస్తా. దిగితే పెంచుతా. అంతే."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"చెప్తే మానేసేవాడివి. నీ సంగతి నాకు తెలీదా. నువ్వు మానేస్తే మంగళవారాలు నేనేం చెయ్యను? అమ్మతో పేకాడుకోవాలి."

"ఆడితే ఏమైందట?" అంది ఓమ్మా.

చెంగిజ్ ముందు నవ్వాడు, తర్వాత మేమందరం. రూడి నవ్వలేదు. చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. చెమట అని ఎవరైనా అడక్కముందే చెప్పాడు. ప్రతిపాదన వెనక్కి తీసుకుంటానన్నాడు. అప్పుడు నేను నిబంధనావళి తీయాల్సి వచ్చింది. కార్యక్రమంలో చేరిన అంశం మీద ఓటు జరిగి తీరాలని పద్నాలుగో నిబంధన. పావురాలవాళ్లు ఇలాంటివి చాలా ఆలోచించి రాశారు.

"సరే, ఓటు," అన్నాడు ఇంగో మళ్లీ బల్ల చివరికొచ్చి. "నన్ను తీసేయకూడదన్నవాళ్లు?"

రూడి అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఓమ్మా, మాట్టెస్, చెంగిజ్, నేను. అయిదు చేతులు.

"తీసేయాలన్నవాళ్లు?"

బిర్గిట్ చెయ్యెత్తింది. మేమంతా అటు తిరిగాం.

"ఏంటలా చూస్తారు?" అంది. "ఆయన వద్దన్నాడుగా. ఇరవై మూడేళ్ల అలవాటు, ఈ వయసులో ఎలా మారుతుంది? ఇంగో, నువ్వేమీ అనుకోకు నాయనా."

"అనుకోను. నేను తటస్థం," అన్నాడు ఇంగో. "తీర్మానం వీగిపోయింది. అమ్మా, కేకు."

జూన్‌లో శనివారం మధ్యాహ్నం, యువజన భవనం వెనక పెరట్లో ముప్ఫై ఏళ్ల కచేరీ. ఎనభై మంది దాకా వచ్చారు. సగం మంది మోకాళ్లకి పట్టీలు వేసుకుని గెంతడానికి తయారై వచ్చారు. ఇంగో పొద్దున ఎవరిదో పెళ్లికి శకునం కోసం పిలిస్తే వెళ్లి, నల్లకోటు, పొడవు టోపీతో అలాగే వచ్చేశాడు. వేదిక వెనక రూడి అటూ ఇటూ తిరుగుతున్నాడు. అంత జరిగాక కూడా పద్దెనిమిది పాటలూ వదలకుండా పాడతానని మొండికేసింది అతనే. భయపడుతున్నదీ అతనే.

నేను నోటుబుక్కు తెరుచుకుంటూ చూశాను. రూడి ఇంగో ఎదురుగా వచ్చి ఆగాడు. చెయ్యి చాపి, కోటు రెండో గుండీ పట్టుకుని తిప్పాడు. కదలకుండా నిలబడి ఇంగో తిప్పనిచ్చాడు.

"మూడోదీ తిప్పు," అన్నాడు తర్వాత. "కంచె పాటకి."

రూడి మూడోదీ తిప్పాడు. అది ఊడి చేతిలోకొచ్చింది. జేబులో వేసుకుని మైకు దగ్గరికి నడిచాడు.

పద్దెనిమిది పాటలూ అయ్యాయి. ఒక్క మాటా మింగలేదు. ఇంగో చూపు మొదటి నుంచి చివరిదాకా రూడి మెడ మీదే ఉంది, అదిప్పుడు నాకు తెలుసు కాబట్టి నేనూ చూడగలిగాను. పదకొండో నిబంధన ప్రకారం ఆ సాయంత్రమే పుస్తకంలో రాశాను. వ్యవధి: నలభై మూడు నిమిషాలు. కింద చోటు మిగిలింది, అక్కడ ఇదీ రాశాను: లోపాలు లేవు.